చీలిన గరిటె

ఉదయగిరిలో కర్ర గరిటెలు నునుపు చేసే మస్తానమ్మ టీవీ ముందు కూర్చున్నా చేతిలో ఉప్పుకాగితం వదలదు. గరిటెను రుద్ది, పొడి ఊది, చెంపకు ఆనించి చూసుకుంటూ క్విజ్ చూస్తుంది. జవాబులు ఆమెకు తెలియవు. ఆమె చూసేది మనుషుల్ని. ఈసారి దాన్ని జట్ల పోటీ చేశారు. ఆమెకు నచ్చిన కళ్లజోడు పిల్ల అడిగినవన్నీ చెప్పింది. చివర్లో పక్కనున్నవాడు తొందరపడి తప్పు చెప్పాడు. జట్టు మొత్తాన్నీ ఇంటికి పంపేశారు. "వాడు చెడగొడితే ఆ బిడ్డేం చేసింది? ఇదేం ఆట్రా, మీ మొహాలు మండ!" అని మస్తానమ్మ గరిటెతో టీవీని బెదిరించింది. "వాళ్లకి వినపడతాదా అత్తా?" అని కోడలు నవ్వింది. "వినపడకుంటే ఊరకుండాలా?"

మర్నాడు గరిటెల కేంద్రంలో సూపర్‌వైజర్ చీలిన గరిటె ఒకటి తెచ్చి ఆమె ముందు పడేశాడు. అక్కడ మస్తానమ్మతో కలిపి నలుగురు ఆడవాళ్లు ఒక బుట్ట నింపుతారు. వాళ్లలో కొత్తగా చేరిన షాహీన చేతులు కొంగులో దాచుకుంది. ఇంకొకటి చెడితే పని మానిపిస్తానని అతను ఆ పిల్లకు ముందే చెప్పి ఉన్నాడు.

"ఎవరు చేసినారో చెప్పక్కా. ఆ ఒక్కరినే పంపేస్తా."

"ఎవరైతే ఏంది? బుట్ట మాది. పంపితే నలుగురినీ పంపు!" మస్తానమ్మ గొంతుకు కేంద్రమంతా తలెత్తి చూసింది. అతను గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం క్విజ్ మొదలవగానే, కళ్లజోడు పిల్లను జట్టుతోపాటు పంపేసినవాళ్లను ఆమె మళ్లీ మొదటినుంచి తిట్టింది.