తడిగుడ్డ కింద ముఖం

స్కార్‌బరోలో నేను హోమ్ కేర్ పనికి వెళ్లే ఇళ్లలో ఆ ఫ్రెంచి శిల్పి ఇల్లొకటి. పారిస్ అకాడమీలో చదివి, పతకం కూడా అందుకుని, చర్చిలకు దేవదూతలను చెక్కడానికి కెనడా వచ్చారు. ఆ తర్వాత నాయకుల విగ్రహాలు. అచ్చం మనిషిలా ఉండే బొమ్మలకు కాలం చెల్లింది. ఆయన చేసిన పెద్దమనుషుల్ని కొందరిని పీఠాల మీంచి దించేసి గోదాముల్లో పడేశారు. "పోతే పోనీ" అనేవారు.

ఆయనకు మిగిలిన పని ఒక్కటే, పోయిన భార్య తల. ఇనప ఊచ మీద మట్టితో ముందు పుర్రె కట్టి, దాని మీద కండ, ఆపైన చర్మం. వాళ్ల బడి పద్ధతట. పని ఆపగానే తడిగుడ్డ చుట్టాలి. మట్టి ఆరిందా, అంతే సంగతులు.

ఫొటో చూసి చేయొచ్చుగా అంటే కసురుకున్నారు. ఆమె ముఖం తనకు మరపున పడుతోందని, పూర్తిగా పోకముందే ముగించాలని తర్వాత మెల్లగా చెప్పారు.

చలికాలంలో న్యుమోనియా వచ్చి హాస్పిటల్లో చేరారు. డ్యూటీ లేకపోయినా ఆయన ఇంటికి వెళ్లి గుడ్డలు తడిపేదాన్ని. "నీకెందుకే ఆ మట్టి గోల? మంచులో బస్ కోసం వెయిట్ చేసి నువ్వూ అడ్మిట్ అవుతావు" అని మా ఆయన విసుక్కునేవాడు.

ఎడ్మంటన్ నుంచి ఆయన కూతురు వచ్చాక తాళం ఇచ్చేసి, గుడ్డలు ఆరనివ్వొద్దని మరీమరీ చెప్పాను.

ఆయన్ని ఇంటికి తెచ్చేసరికి గుడ్డలు ఉతికి మడతపెట్టి ఉన్నాయి. తల హీటర్ పక్కన ఉంది. మట్టి ముడుచుకుంది, లోపలి ఇనప ఊచ ముడుచుకోలేదు. నుదుటి నుంచి గడ్డం దాకా పగులు. ముక్కు ఊడి కింద పడింది.

"అచ్చం అమ్మే అనిపించింది నాన్నా. అయిపోయిందనుకున్నా. ఆరితే గట్టిపడుతుందని..." కూతురు ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మాత్రం ముక్కలు బకెట్లో నానబెట్టమన్నారు.

మట్టి మెత్తబడ్డాక మళ్లీ పుర్రె కట్టారు. ముక్కు దగ్గర వేళ్లు ఆగిపోయాయి. కూతురు ఫొటో తెస్తే తోసేసి, నా వైపు తిరిగారు.

"నువ్వు రోజూ చూశావుగా. ఎలా ఉండేది?"

ఆవిడ బతికుండగా నేను చూసిందే లేదు. నేనెరిగింది ఆ మట్టినే. "కొస కాస్త ఎడమకు వంగి ఉండేదండీ" అన్నాను.

అలాగే చేశారు. చాలాసేపు చూశారు. నేను గుడ్డ తడిపి తెచ్చేసరికి చేతులు తుడుచుకుంటున్నారు.

"ఇక చుట్టొద్దమ్మా" అన్నారు.