సూడకుండ వెట్టిన సంతకం

లింబాద్రికి గయానా ఏడున్నదో తెల్వదు. తెల్వకున్నా ఇరవై దినాల సంది ఆ దేశం ఓట్లు ఆయన మెడకు సుట్టుకున్నయి.

కరోనాకు గల్ఫ్‌ల లింబాద్రి ఉండే సులై లేబర్ క్యాంపు గేటుకు తాళం వడ్డది. సేఫ్టీ ఆఫీసర్ ఆసిఫ్‌ది గయానా; తాతల తాతలు మన దేశంకెళ్లి చెరుకు తోటల కూలికి ఓడెక్కి పోయినోళ్లట. అక్కడ మార్చిల ఓట్లయితే గెలిచింది మేమంటే మేమని లొల్లి. ఇప్పుడు డబ్బాలన్నీ విప్పి మళ్ల లెక్కవెడుతున్నరు. ఆసిఫ్ చెల్లె హసీనా ఆడ ఒక పార్టీ ఏజెంటు. ఆసిఫ్ ఫోన్ వట్టుకొని వరండల అటిటు తిరుగుడు, ఆయన ఎనక లింబాద్రి తిరుగుడు. ప్లంబర్‌కు గయానా గోలెందుకని రూమోళ్లు నవ్విరి. నవ్వరా మరి?

ఆయన గోల ఆయనది. పోయినేడు ఊర్ల భార్య అన్న భూషణం సర్పంచ్‌కు నిలవడితే, లెక్కకాడ ఏజెంటు ఈయనే. బిర్యానీ పొట్లాలు అచ్చినయన్నరు. తిని అచ్చేసరికి ఒక కట్ట లెక్క అయిపోయింది. సూసినట్టే సంతకం గీకిండు. బావ మూడు ఓట్లతోని ఓడె. "అన్నీ మంచిగ సూసినవా?" అని బావ అడిగితే, సూసిన్నన్నడు. రెండు నెలలకు ఇమానం ఎక్కిండు. బిర్యానీ అరిగింది గని ఆ అబద్ధం అరగలే.

ఆ దినం ఈడ తెల్లారుజామున, ఆడ పొద్దుగూకినంక, హసీనా ఫోన్ల ఏడ్సింది. కాళ్లు ఉబ్బినయట, కండ్లు ఆగుతలేవట, సూడకున్నా సంతకం వెట్టి ఇంటికి వోతదట. ఆసిఫ్ ఆ మాట క్యాంపుల నేర్సుకున్న హిందీల జెప్పంగనే లింబాద్రి ఎగిరిపడ్డడు.

"వద్దని చెప్పు సార్! మళ్ల లెక్కవెట్టమను, కూలవడ్డా సరే!"

"నీకెందుకయా ఇంత ఆత్రం?"

"నేను వెట్టిన గన్క!"

ఆ మాట నోట్లెకెళ్లి అచ్చుడు అదే మొదలు. ఆసిఫ్ చెల్లెకు జెప్పంగ, అవుతల హసీనా ముక్కు తుడుసుకొని మళ్ల లెక్కకాడికి వోయింది. లింబాద్రికి మాత్రం కాలు నిలవలే. ఇగ ఎంత దాస్తనని భూషణానికి ఫోన్ గొట్టిండు.

"బావా, ఒక కట్ట నేను సూడలే. బిర్యానీ తిన వోయిన. నీకు అబద్ధం జెప్పిన."



"అప్పుడు కేసు వెయ్యాల్నంటే నెల దినాలే టైమన్నడు వకీలు. కాయిదాలు గూడ రాపిచ్చిన లింబాద్రీ. నువ్వు సూసిన్నంటివని సింపేసిన."

తిడుతడేమోనని లింబాద్రి ఫోన్ చెవికి ఆనిచ్చుకొని నిలవడ్డడు. భూషణం తిట్టలే.