జెరాగు, కాస్తాగు

మా ఆవిడ పాడిన పాట నా దగ్గర ఒక్కటే ఉంది. మూడు నిమిషాల పాట. గిటార్ నాది, గొంతు తనది, మాటలూ తనవే. అందులో ఒక్క మాట మాత్రం నాది. ఆ ఒక్క మాట జోలికి నేను వెళ్లకుండా ఉంటే ఇప్పుడిది రాయాల్సిన పని ఉండేది కాదు.

అప్పుడు పద్మారావు నగర్‌లో రెండో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. పాపకు ఏడాది నిండింది. ఆదివారం మధ్యాహ్నాలు పాపను సీతాఫల్‌మండిలో మా అత్తగారింట్లో దించి వచ్చి, పడగ్గదిని స్టూడియో చేసేవాళ్లం. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. కిటికీలకు అత్తగారు కుట్టిన బొంతలు రెండు కట్టేవాణ్ణి. గోడలకు తగిలి గొంతు మోగకుండా, బీరువా తలుపులు బార్లా తెరిచి, చీరల వైపు మొహం పెట్టి మా ఆవిడను నిలబెట్టేవాణ్ణి. ఎంబ్రాయిడరీ రింగుకు పాత చున్నీ ముక్క బిగించి మైకు ముందు పెడితే ‘ప’, ‘భ’ అన్నప్పుడు గాలి కొట్టేది కాదు. ఫ్యాను ఆపాలి. ఫ్రిజ్ ఆపాలి. కింద ఉల్లిగడ్డల ఆటో మైకులో అరుచుకుంటూ వీధి దాటేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. పాట సగంలో ఉండగా ఇద్దరం చెమటతో తడిసిపోయేవాళ్లం.

“గిదేం పాటయ్యా, నన్ను ఉడకబెడుతున్నవ్” అని నవ్వేది.

పాట తను కట్టుకున్నదే. కాలేజీ రోజుల్లో సీతాఫల్‌మండి స్టేషన్‌లో లోకల్ రైలు కోసం పరుగెత్తుతుంటే చెప్పు తెగిందట. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, వెళ్లిపోతున్న రైలును చూస్తూ పాడుకుందట.

“జెరాగు రైలుబండీ, జెరాగు
చెప్పు తెగినాది నాది, జెరాగు”

అని మొదలవుతుంది. ‘జెర ఆగు’ రెండూ కలిసిపోయి జెరాగు. నవ్వులాటగా మొదలైన పాట చివరి చరణానికి వచ్చేసరికి మారిపోయేది. అక్కడ ఆగమని అడిగేది రైలును కాదు, వయసును. మొదటిసారి విన్నప్పుడు గిటార్ ఒళ్లో పెట్టుకుని ఒక్క తీగ కూడా మీటలేకపోయాను.

మా వాళ్లు గోదావరి వైపు నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో స్థిరపడ్డారు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. అయినా మా ఇంట్లో ‘జెర’ అనే మాట కూరగాయల బండి దగ్గర బేరమాడేటప్పుడు మాత్రమే వినిపించేది. పుస్తకాల తెలుగు మాదేనన్న పొగరు నాకూ ఉండేది. పెళ్లయ్యాక మా ఆవిడ మాటతీరును ముద్దుగా వెక్కిరించేవాణ్ణి. ముద్దుగా అని నేననుకునేవాణ్ణి.

మూడు ఆదివారాల్లో పదకొండు టేకులు పాడింది. ఒక దానిలో కుక్కర్ కూత, ఒక దానిలో రైలు కూత, ఒక దానిలో తను నవ్వు ఆపుకోలేక ఆగిపోయింది. మిగతావన్నీ బాగున్నాయి. నాలుగో ఆదివారం నాకు బుద్ధి పుట్టింది.

“జెర బదులు కాస్త అందాం” అన్నాను.

“ఎందుకు?”

“పదిమందికీ పంపే పాట కదా. అందరికీ అర్థం కావాలి.”

“అందరంటే ఎవరు? మావోళ్లకు తెలుసు. మీవోళ్లకు సుత తెలుసు కదా.”

“తెలుసులే. కానీ పాటలో మర్యాదగా ఉండాలి.”

“రైలుతోని మర్యాదేందయ్యా!” అంది. నేను నవ్వలేదు. అది చూసి తనూ నవ్వు ఆపేసింది. “సరే తియ్, హెడ్‌ఫోన్లు నీ నెత్తి మీదున్నయ్” అని మళ్లీ చున్నీ ముక్క ముందు నిలబడింది.

జెరాగు నాలుగు మాత్రలు. కాస్తాగు ఐదు. ఆ ఒక్క మాత్ర ఎక్కడా ఇమడలేదు. నేను గిటార్ దరువు మార్చాను. తను మాటను తొందరపెట్టింది. పైగా ‘కాస్త’లో ఆ ‘స’ మైకులో బుస్సుమని కొట్టేది. ‘జెర’తో ఆ బాధే లేదు. ఆ బుస తగ్గించడానికే రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఎక్కడి నుంచో ఒక మాట తెచ్చి తన నోట్లో కుక్కి, అది తన నోట్లో మొరాయిస్తుంటే కంప్యూటర్‌తో దువ్వాను. అప్పుడైనా వెలగలేదు నాకు.

అక్కడితో ఆగానా? చరణాల మధ్య ఊపిరి తీసుకునే చప్పుళ్లన్నీ కోసేశాను. శ్రుతి వెంట్రుకవాసి తప్పినచోటల్లా సరిచేశాను. చివరి చరణంలో గొంతు కొద్దిగా వణికేది. దాన్నీ తిన్నగా చేశాను. గిటార్‌ను మాత్రం కొంచెం పైకి లేపాను, ఎంతైనా నాది కదా.

పూర్తయిన రోజు హెడ్‌ఫోన్లు తనకు పెట్టి వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా వింది.

“మంచిగుంది. ఎవరు పాడిర్రు?” అంది.

మెచ్చుకోలు అనుకున్నాను! అంత బాగా కుదిరిందని నెలరోజులు ఆ మాట స్నేహితులందరికీ చెప్పుకుని తిరిగాను. ఆ ఊపులోనే, ల్యాప్‌టాప్ నిండిపోయిందని, ‘జెర’ ఉన్న పదకొండు టేకులూ చెత్తబుట్టలో వేసి ఖాళీ చేశాను. ఇంకొకసారి పాడిస్తే పోలా అనుకున్నాను కూడా. ఇల్లు మారాం, పాప నడక నేర్చింది, ఆఫీసు, జ్వరాలు. బొంతలు మళ్లీ కిటికీలకు ఎక్కలేదు.

పాపకు మూడేళ్లప్పుడు మా ఆవిడ మెడ దగ్గర థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. గొంతు మారే అవకాశం ఉందని డాక్టర్ ముందే చెప్పారు. ప్రాణం ముందు గొంతెంత అని సంతకం పెట్టాం. ఇప్పుడు మాట్లాడటానికి ఇబ్బంది లేదు, కొద్దిగా బొంగురు, అంతే. పైస్థాయి మాత్రం అందదు. ఒకసారి గిటార్ తీస్తే, రెండు మాటలు పాడి, దగ్గి, “వద్దు తియ్” అని లేచి వెళ్లిపోయింది. తర్వాత నేనూ అడగలేదు. ఆ పాత టేకుల కోసం ల్యాప్‌టాప్‌ను ఇద్దరు రిపేరు వాళ్లకు చూపించాను. ఏమీ మిగల్లేదన్నారు. ఎందుకు వెతుకుతున్నానో మా ఆవిడకు చెప్పే ధైర్యం చేయలేదు.

మొన్న సాయంత్రం పాప హోంవర్కు పుస్తకాలు సర్దుకుంటూ పాడుకుంటోంది. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్లు. మాటంతా వాళ్లమ్మ మాటే.

“కాస్తాగు రైలుబండీ, కాస్తాగు...”

“అట్లా కాదు తల్లీ, జెరాగు అనాలి” అన్నాను.

“కాదు నాన్నా. అమ్మ కాస్తాగు అనే పాడింది.”

“ముందు జెరాగు అనే పాడింది. నేనే మార్పించాను.”

“ఎందుకు?”

వాళ్లమ్మ కూడా సరిగ్గా ఇట్లాగే అడిగింది. అప్పుడైతే నా దగ్గర జవాబు ఉండేది.

“జెర ఆగు, నేను వినిపిస్తా” అని పాప ఫోన్ తెచ్చి పాట పెట్టింది. ఊపిరి లేని, వణుకు లేని ఆ గొంతు కాస్తాగు అంది. “విన్నవా? నేను చెప్పలే?” అంది పాప.

మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో పోపుగరిటె ఉంది. పాట అయ్యేదాకా కదలలేదు.

“దాన్ని పరేషాన్ చెయ్యకు” అంది నాతో, బొంగురు గొంతుతో. “పాటల గట్లనే ఉంది కదా.”