జేన్ వాళ్ల పాట రేడియోలో వచ్చిన రోజు

2022లో, సిడ్నీలో చలి మొదలైన రోజులు. మనవాళ్లు ఎక్కువగా ఉండే హారిస్ పార్క్‌లో మా షాపు. పాత క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చడం నా పని. వచ్చేవి ఎక్కువగా మనవాళ్ల పెళ్లి వీడియోలే. అందుకే జేన్ లోపలికి రాగానే పక్క షాపు అనుకుని వచ్చిందేమో అనుకున్నాను.

యాభై దాటిన ఇంగ్లిష్ ఆవిడ, స్కూల్ టీచరు. తను తెచ్చిన క్యాసెట్‌లో టేపు తెగిపోయి ఉంది. తొంభైలలో, ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి పాప్ గ్రూప్ పెట్టిందట. ఒకే ఒక్క పాట బయటికొచ్చింది. వాళ్ల ఊరి రేడియో స్టేషన్ కొన్ని వారాలు వేసి మానేసింది. గ్రూపూ విడిపోయింది. ముగ్గురిలో ఎవరి దగ్గరా ఆ పాట మిగల్లేదు. తల్లి పోయాక సామాను సర్దుతుంటే ఈ క్యాసెట్ దొరికింది. మీద తల్లి చేతిరాతతో ‘రేడియోలో మొదటిసారి’ అని ఉంది.

"మా అమ్మకి నా పాటలంటే పడేది కాదు. కాలేజీ మానేశానని ఏడాది పాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇది ఎందుకు రికార్డు చేసిందో మరి" అంది. పాటని శుభ్రం చేసిస్తే స్నేహితురాళ్లకీ పంపుతానంది.

తెగిన కొసలను కలిపి అతికించడాన్ని స్ప్లైసింగ్ అంటాం. చెయ్యి వణికితే ఆ ముక్క పాట పోయినట్టే. సగం రోజు పట్టింది గానీ, టేపు పాడింది. వాళ్లమ్మ రేడియో ముందు రికార్డర్ పెట్టినట్టుంది, కుళాయి నీళ్లు, గిన్నెల చప్పుడు కూడా పడ్డాయి. అలవాటు కొద్దీ నాయిస్ రిడక్షన్ పెట్టి, అంటే అక్కర్లేని చప్పుళ్లను సాఫ్ట్‌వేర్‌తో విడదీసి, తీసేశాను. పల్లవి దగ్గర గదిలోంచి ఎవరిదో సన్నటి గొంతు కలుస్తోంది. దాన్నీ వీలైనంత తగ్గించేశాను.

శనివారం జేన్ వచ్చి వింది. చాలా సంతోషపడింది. నా పనితనం చూపించుకుందామని, ముందు ఎలా ఉండేదో వినమని అసలు రికార్డింగ్ కూడా వేశాను. పల్లవి రాగానే ఆపమని చెయ్యెత్తింది. మళ్లీ వేయమంది.

"అది మా అమ్మ గొంతు" అంది. "రేడియోలో రావడం అదే మొదటిసారి. అమ్మకి పాట మాటలెలా తెలుసు?" అంది.

జవాబు తనకే తట్టింది. వాళ్లింట్లో మేడ మీద గదిలో ముగ్గురూ నెలల తరబడి ప్రాక్టీస్ చేశారట. మొదలుపెట్టగానే కింద వాళ్లమ్మ వంటింటి తలుపు వేసేసుకునేదట.

"వినడం ఇష్టం లేకే అనుకున్నాను, ఇన్నేళ్లూ. లోపల తనూ పాడుకునేదన్నమాట" అంది.

నేను టీ పెట్టిచ్చాను. నేను శుభ్రం చేసింది అక్కడే వదిలేసి, గిన్నెల చప్పుడుతో ఉన్నదే తీసుకెళ్లింది. స్నేహితురాళ్లకీ అదే పంపింది.

అప్పటిదాకా పదిహేనేళ్ల పాటు ఏది పాటో, ఏది చప్పుడో నేనే తేల్చేసేవాణ్ణి. ఇప్పుడు టేపుని ఉన్నదున్నట్టు ముందు వాళ్లకి వినిపించి, ఏం తీయమంటారని అడుగుతాను. చాలామంది కాసేపు విని, ఏమీ తీయొద్దంటారు.