నిమ్మకాయ కట్టిన విమానం

సొంతంగా కట్టుకున్న విమానంలో ఎగిరి, గాలిలో పెట్రోలు అయిపోయి, పామర్రు దగ్గర మినుము చేలో దిగిన మేధావిని మీరెప్పుడైనా చూశారా? నేనే. ఆ రోజు తలుచుకుంటే నాకిప్పటికీ భయమే. మీరు మాత్రం నిశ్చింతగా నవ్వుకోండి.

ఆ విమానాన్ని నేనూ, మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే యోహాను గారూ కలిసి ఆయన షెడ్డులో ఏళ్ల తరబడి కట్టాం. గన్నవరం విమానాశ్రయం వైపు కన్నెత్తి చూడకూడదన్న షరతు మీద ఎగరడానికి అనుమతి వచ్చింది. పెట్రోలు ట్యాంకు మా ముందే, అద్దానికి అవతల ఉంటుంది. దాని మూతలోంచి ఒక తీగ పైకి నిలబడి ఉంటుంది. తీగ అడుగున, ట్యాంకు లోపల, ఒక బెండు తేలుతుంది. పెట్రోలు తగ్గేకొద్దీ బెండూ, దానితోపాటు తీగా కిందికి దిగుతాయి. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే ఏర్పాటు. నేను చిన్నపిల్లవాణ్ణి కాదు కదా, అదే వచ్చిన చిక్కు.

బయల్దేరే ముందు మా ఆవిడ సరోజ నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చిన దారం నా చేతిలో పెట్టింది.

"కొత్త బండికి కట్టినట్టే దీనికీ కట్టండి. ఊళ్లో కళ్లన్నీ దీనిమీదే ఉన్నాయి."

ముందు భాగంలో కట్టడానికి వీలుగా కనిపించింది ఆ తీగ ఒక్కటే. మూతకు ఆనేలా బిగించి మూడు ముళ్లు వేశాను. పెళ్లిలో కూడా అంత గట్టిగా వేయలేదు.

పైనుంచి కాలవలు, చేపల చెరువులు, పచ్చటి చేలు చూస్తుంటే కిందికి రాబుద్ధి కాలేదు.

"పెట్రోలు చూశారాండీ?" అని యోహాను గారు అడిగారు.

"తీగ చూడండి. నిండుగా ఉంది."

"చాలాసేపు తిరిగాం కదండీ. కొంచెమైనా తగ్గాలి కదా."

"మన ఇంజను అంత పొదుపండీ. ఇంకో చుట్టు కొడదాం."

ఆ చుట్టు సగంలో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. నేను పోతానన్న భయం కంటే, నన్ను నమ్మి పక్కన కూర్చున్న మనిషిని చంపేస్తున్నానన్న భయం ఎక్కువైంది. ఆయన కళ్లు మూసుకుని ప్రభువును పిలుస్తున్నారు. నా ఎదురుగా తీగ మాత్రం నిటారుగా, ట్యాంకు నిండుగా ఉందని చెబుతూనే ఉంది.

ఎలా దించానో నాకు తెలియదు. మినుము చేలో దొర్లి, ముక్కు నేలకు ఆనించి ఆగాం. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు. చేను గలాయన పరిగెత్తుకొచ్చాడు.

"దిగడానికి నా చేనే దొరికిందా అండీ మీకు?"

యోహాను గారు తిన్నగా ట్యాంకు దగ్గరికి వెళ్లి దారం ముళ్లు విప్పారు. తీగ టక్కున మూతలోకి దిగిపోయింది. ఇంతసేపూ దాన్ని దిగనివ్వకుండా మూత మీద ఆపి పట్టుకున్నవి నా మూడు ముళ్లే. ఆయన ఆ దారాన్ని నిమ్మకాయతో సహా తెచ్చి నా చేతిలో పెట్టారు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాను. సరోజ అంతా విని, "చూశారా, నిమ్మకాయ కట్టబట్టి బతికారు. ఈసారి రెండు కడదాం" అంది.

కాబట్టి పాఠకుల సాక్షిగా ఇదే నా శపథం. ఇక మీదట దిష్టి నిమ్మకాయ నా మెడలోనైనా కట్టుకుంటాను గానీ, ఆ తీగ జోలికి పోను.