వినపడని పాట

కాకినాడ నుంచి ఉద్యోగానికొచ్చి ఖాజాగూడలో గది తీసుకున్నప్పుడు ఓనరాంటీ ఒకే షరతు పెట్టింది. "నీ దేవుడు నీ ఇష్టం బిడ్డా. గని పాటలు గిట బయటికి ఇనపడొద్దు. ఇనపడ్డయనుకో, ఇగ గది ఖాళీ చేసుడే."

ఆదివారం హఫీజ్‌పేట్‌లో ఒక దుకాణం పైనున్న హాల్లో నడిచే చర్చిలో ఇంగ్లీషు ప్రార్థనకు వెళ్లాను. తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ చప్పట్లతో పాడుతుంటే, పక్కన, ఇరాన్ నుంచి వచ్చానని పరిచయం చేసుకున్న విద్యార్థి పెదవులు మాత్రమే కదులుతున్నాయి.

"గొంతు బాగాలేదా?" అని అడిగాను.

"అలవాటు," అన్నాడు. "క్రైస్తవంలోకి మారినవాళ్లం మా దేశంలో ఇలాగే పాడుకుంటాం. పక్కింటికి వినపడితే జైలే. ఇక్కడికొచ్చినా గొంతు పెగలడం లేదు. నువ్వు అదృష్టవంతుడివి, ఇంట్లో కూడా గట్టిగా పాడుకోవచ్చు."

తలూపాను. నాకు జైలు భయం లేదు, గది పోతుందన్న భయమే. సాయంత్రం గదికొచ్చి అదే పాట అందుకున్నాను, పెదవులతోనే.