బాణం పడని సుక్క

“పైనున్న ఈ సుక్కకి బాణం ఎయ్యనేదేటే?” అనడిగాను.

“అది నాది పిన్నీ. మా సెల్లికి సంబంధాలు సూత్తన్నారు” అంది.

ఆ గుంటతో నా ఆకరి మాటలవే.

ఆ పిల్లది మా పక్కూరే. మా ఉద్దానంలో కిడ్నీ రోగాల సర్వేకి వచ్చి, మా అరుగు మీదే కంప్యూటరు పెట్టుకునేది. అందరి రక్తపరీక్షలూ అందులో సుక్కలయ్యేవి. ఎంత పైనుంటే రోగం అంత ముదిరినట్టు. అలాటి సుక్కకి ఏదో కోడు రాసి బాణం ఏసేది, బాణం మొదట్లో మనిషి పేరు పడేది. ఆ పేర్లోళ్లనే డాక్టరు ముందుగా పిలిసేవోరు. ఏసే ముందు సుక్కని ఏలితో ఓపాలి తుడిసేది, తెర మీద దుమ్మేమోనని.

మా ఆయన సుక్కనీ తుడిసింది. పోనేదు. బాణం ఎయ్యబోతే, “పిందెకి ఏలు సూపితేనే కుళ్లిపోద్ది, మనిషికి బాణం సూపుతావేటే?” అని తిట్టాను.

“సూపకపోతే డాక్టరుకి కనపడడు పిన్నీ” అంది.

నిజమే. ఆ బాణం వల్లే టెక్కలి ఆస్పత్రిలో ఆయనకి డయాలసిస్ సేసారు, ఇంకొన్నాళ్లు నాతో ఉన్నాడు.

కిడ్నీ రోగమున్న ఇంటి పిల్లని మాకాడ ఎవులూ సేసుకోరు. ఆ గుంట పోయినేడు పోతే, గుండెనొప్పని సెప్పారు వాళ్లింట్లో. అడిగినోళ్లకి నేనూ అదే సెప్పాను.

ఒలే కోడలా, నే సెప్తంటే రాత్తన్నావు సరే, ఆ గుంట పేరు గానీ రాసీసినావేటి? దాని సెల్లికింకా సంబంధం కుదరనేదు. మొదట్నుంచీ సదువు, ఇంటాను.